కత్తిరించని అంచు

1987 నవంబరు 19, గురువారం. తుపాను తీరం దాటిపోయినా దాని తోక ఇంకా ఆకాశంలోనే ఉంది. సన్నటి తుంపర, మధ్యమధ్య వెండిపూత లాంటి ఎండ. ఆ మధ్యాహ్నం మాణిక్యాంబ ఒక పెద్ద మూట చంకన పెట్టుకుని, చేతిసంచిలో కత్తెర వేసుకుని, తన గురువు ముక్తేశ్వరరావు గారింటికి వచ్చింది.

మూటలో ఉన్నది ఉపకులపతి గౌను. ఎర్రటి మఖమలు, జరీ అంచు. విశ్వవిద్యాలయం పెట్టిన నాటినుంచీ ఆ పీఠం ఎక్కినవాళ్లందరూ, ముక్తేశ్వరరావు గారితో సహా, అదొక్కటే తొడుక్కుంటూ వచ్చారు. దానిమీద వేసుకునే బంగారు హారం వేరే ఉంది. ఊరేగింపులో ముందు నడిచే వెండి దండం వేరే. ఆ దండాన్ని కుర్రాళ్లు భీముడి గద అనేవారు. మోసే రిజిస్ట్రారు బక్కపలచటి మనిషి కావడంతో ఆ మాటకు మరింత అందం వచ్చింది. అదలా ఉంచుదాం.

మర్నాడు స్నాతకోత్సవం. ఆ పీఠం మీద ఆడమనిషి కూర్చోవడం అక్కడ అదే మొదలు. మాణిక్యాంబ పొట్టి మనిషి. గౌను తొడుక్కుంటే జానెడు నేలమీద జీరాడుతోంది. వేదిక మెట్లమీద కాలు తట్టుకుందా, ముందు వరసలో నరహరి గారుంటారు. ఆ పదవి తనకే వస్తుందని చుట్టాలందరికీ ముందే చెప్పుకున్న పెద్దమనిషి.

"మాస్టారూ, పదవి మనిషికి సరిపోవాలా, మనిషి పదవికి సరిపోవాలా?"

ప్రశ్న అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పగించడం ఆయనకు పాత అలవాటు. "ముందు ఆ అంచు కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకో" అన్నారు.

ఎత్తి పట్టుకుంది. ఎర్రటి చీకట్లో చుక్కలు పొడిచాయి. వరసలు వరసలుగా సూది రంధ్రాలు.

"మడతలమ్మాయ్. అట్టడుగు వరస లెక్కల రామశేషయ్యది, ఒంటెలాంటివాడు. మధ్యది నాది. దిగిపోయే రోజు ఎవరి కుట్లు వాళ్లే విప్పుకుని పోవాలి. ఎక్కడా రాసిలేదులే, ఒకరికొకరు చెప్పుకున్నదే. నీ ముందాయన చెప్పకుండానే పోయాడన్నమాట."

"మరి మొదటాయన? ఆయన కొలతకే కదా కుట్టారు? హాల్లో పటంలో ఆకాశమంత ఉంటారు!"

"పటం గీసినవాడి మంచితనం. అన్నిటికన్నా పై వరస ఆయనదే, చూడు. నీకు కావలసిన మడతకన్నా నాలుగు వేళ్లు ఎక్కువే పెట్టాడు."

ఆ చుక్కల వెలుతురు ఆమె ముఖంమీద, చీరమీద కదులుతోంది. గుడ్డకు ఆవలివైపు వాళ్లంతా వరసగా నిలబడి, అంచు కాస్త పైకి పట్టుకుని, ఒక్కో కాలు ఎత్తి, మెట్టెక్కడుందో వెతుకుతున్నట్టు తోచింది. కత్తెర సంచిలోంచి బయటికి రాలేదు. ముక్తేశ్వరరావు గారు ఒక సూది, ఎర్రదారం ఇచ్చారు.

మర్నాడూ తుంపరే. మాణిక్యాంబ మెట్లెక్కింది. తాను నడుస్తోందో, గౌనే తనను నడిపిస్తోందో ఆమెకు తెలియలేదు. నరహరి గారు చప్పట్లు కొట్టలేదు గాని, నవ్వనూ లేదు.

పదవీకాలం అయిపోయింది. వచ్చినవాడు నరహరి గారే. చెప్పకుండా పోవచ్చు, చెప్పకుండా పోయినవాళ్లూ ఉన్నారు. మాణిక్యాంబ ఒక సాయంత్రమంతా కూర్చుని తన కుట్లు విప్పుకుంది. తర్వాత ఆయనకు అంతా చెప్పి సూది చేతికిచ్చింది.

"ఆరడుగుల మనిషిని, నాకెందుకమ్మా సూది?" అని నవ్వాడాయన. సరిగ్గా సరిపోతుందేమోనని లోపల ఆమెకూ బెంగగానే ఉంది. తొడుక్కున్నాడు. రెండు వేళ్లు నేలమీద పడింది. ఆయన కిందికి చూసి, "దారం కూడా ఇవ్వండి" అన్నాడు.

అలా గౌను, హారం, సూది నరహరి గారికి వెళ్లాయి. వెండి దండం ఎప్పటిలాగే రిజిస్ట్రారుకే ఉండిపోయింది. విప్పిన దారం ముక్కలు కిటికీలోంచి గాలికి పోయాయి. మాణిక్యాంబకు ఏమీ రాలేదు. ఉత్త చేతులతో మాస్టారి గుమ్మంలోకొచ్చి అడిగింది:

"మరి అది ఎవరి కొలతకు కుట్టినట్టు మాస్టారూ?"

ఆయన వానకేసి చూస్తున్నారు. "ఆ మనిషి ఇంకా రాలేదమ్మాయ్. ముందు కాఫీ కలుపు" అన్నారు.