నీలాంబరి తినని నాచు రేకు

కార్తీక అమావాస్య, శుక్రవారం, మధ్యాహ్నం మూడూ ఇరవై. సరిగ్గా ఆ వేళకి మన ఇంట్లో నీలాంబరి ప్రాణం పోయింది. మీరిద్దరూ అప్పటికి మరీ చిన్నవాళ్ళు, గుర్తుండదు. అందుకే చెబుతున్నాను. దగ్గరగా జరగండి.

అనగనగా విశాఖలో మన పాత ఇంటి హాల్లో ఒక గాజు తొట్టి ఉండేది. మీ నాన్న నాలుగేళ్ళు ముచ్చటపడి పెట్టించుకున్నారు. నాలుగడుగుల పొడవు. దాని నిండా ఉప్పునీళ్ళు, అడుగున రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య సముద్రంలో పుట్టిన మూడు ప్రాణాలు.

వాటిలో పెద్దది నీలాంబరి. ఒళ్ళంతా ముదురు నీలం, తోక పసుపు. రెండోది నారింజ రంగు మీద తెల్ల చారలున్న బుల్లి చేప. దాన్ని చారలోడు అనేవాళ్ళం. మూడోది వీపు మీద ఎర్ర గీతలున్న రొయ్య. చేపల ఒంటి మీద మురికి ఏరి తినడం దాని పని. తొట్టిలో వాళ్ళకి అది రొయ్యత్త. తొట్టికి పైన గోడ మీద ఒక బల్లి తిరిగేది. వంటింటి కబుర్లు హాల్లోకి మోసేది అదే.

నీలాంబరికి మీ నాన్నమ్మ అంటే ప్రాణం. మా అత్తగారు భ్రమరాంబ గారు పూజ ముగించుకుని తొట్టి దగ్గరికి రాగానే అది పైకి వచ్చి ఆవిడ వేలు మెల్లగా కొరికేది. ఆవిడ నవ్వి, "ఉండవే, నీకే పెడుతున్నా" అని నాలుగు పొడి గుళికలు వేసేవారు. రోజూ అవే గుళికలు, అదే డబ్బా.

ఆశ్వయుజం చివర్లో నీలాంబరి కళ్ళ చుట్టూ సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు పడ్డాయి. తర్వాత పక్కలకి పాకాయి. నీలం వెలిసి బూడిదైంది.

"ఏంటక్కా, మొహం మీద ఎవరో విత్తనాలు నాటినట్టున్నారు?" అన్నాడు చారలోడు.

"నీ వీపు మీద వాతలు ఎవరు పెట్టారో ముందు కనుక్కో" అంది నీలాంబరి.

రొయ్యత్త మీసాలతో ఆ గుంటలు తడిమి చూసింది.

"ఇది నేను ఏరి పారేసే మురికి కాదే తల్లీ. పైన కనిపిస్తోంది గానీ లోటు లోపల ఉంది. సముద్రంలో నువ్వు పొద్దస్తమానం నాచు మేసేదానివి. ఇక్కడ నీకు ఆకు అనేదే లేదు" అంది.

రంగు చేపల కొట్టు అప్పలరాజు వచ్చి చూసి అదే మాట చెప్పాడు.

"అమ్మా, నీళ్ళలో మందు పోస్తే సరిపోదండి. తిండి మారాలి. ఈ ఎండబెట్టిన నాచు రేకులు పెట్టండి. పెట్టే ముందు ఈ విటమిన్ చుక్కలు వేసి పావుగంట నాననివ్వండి. మందు వాసనకి మొహం తిప్పుకుంటే వెల్లుల్లి దంచి రసం రెండు చుక్కలు కలపండి. ఆ వాసనకి ఆకలి పుట్టి తింటాదండి."

పిల్లలూ, అప్పటికి దీపావళి వెళ్ళి రెండు రోజులైంది. కార్తీకం వచ్చేసింది. మీ తాతయ్యకి ఒకప్పుడు పెద్ద జబ్బు చేస్తే మీ నాన్నమ్మ మొక్కుకున్నారు, కార్తీకం నెల్లాళ్ళూ వెల్లుల్లి పొట్టు కూడా గడప దాటి లోపలికి రానివ్వనని. ముప్పై రెండేళ్ళు ఆ మాట తప్పలేదు. తాతయ్య బతికి బట్టకట్టారు కూడా. ఇక ఆవిడ భయం ఆవిడది.

నాగుల చవితి నాడు మొదటిసారి విటమిన్ చుక్కలు వేసిన రేకు పెట్టారు, వెల్లుల్లి లేకుండానే. నీలాంబరి ఆశగా పైకి వచ్చింది. వాసన చూసింది. వెనక్కి తిరిగిపోయింది.

"తినవే, నాచే" అంది రొయ్యత్త.

"నాచులా లేదత్తా. చేదు వాసనొస్తోంది."

బల్లి గోడ దిగి వచ్చింది. "పొద్దున్నే పుట్టకెళ్ళి పాముకి పాలు పోసి వచ్చారు. ఇప్పుడు కోడలు అడుగుతోంది, వెల్లుల్లి తెప్పించమంటారా అత్తయ్యా అని" అంది.

"ఏమన్నారు?" అన్నాడు చారలోడు.

"నెల దాటనీ అన్నారు."

నేను అడిగింది ఆ ఒక్కసారే. మళ్ళీ అడగలేదు. పెద్దావిడ వ్రతం, నేనెవరిని అనుకున్నాను.

పౌర్ణమి వచ్చింది. సాయంత్రం మీ నాన్నమ్మ మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించారు. ఆ వెలుగు తొట్టిలో పడి నీళ్ళన్నీ బంగారంలా ఉన్నాయి. ఆ వెలుగులోనే నీలాంబరి పక్కటెముకలు కనిపించాయి. గుళికలు తినడం కూడా మానేసింది.

మీ నాన్న మెల్లగా అన్నారు. "అమ్మా, వరండాలో దంచి రెండు చుక్కలు తెచ్చుకుందాం. వంటింట్లోకి రానే రాదు."

"గడప గడపే రా. ఇంక పదిహేను రోజులు. ఇన్నాళ్ళు ఆగింది, ఆ మాత్రం ఆగలేదా?"

గోడ మీద బల్లికి కోపం వచ్చింది. ఆగలేదు, ఆగలేదు అని గట్టిగా అరిచింది. మనకి దాని భాష ఏం తెలుస్తుంది? టిక్కు టిక్కుమని వినిపించింది. మీ నాన్నమ్మ వేలితో బల్ల మీద తట్టి, "చూశావా, బల్లి కూడా సత్యమంది" అన్నారు.

బల్లి తల వేలాడేసుకుని వచ్చి తొట్టి మూత పక్కన కూర్చుంది.

"నువ్వు అరవకుండా ఉండాల్సింది" అన్నాడు చారలోడు.

"నోరు మూసుకుని ఎలా ఊరుకోనురా?" అంది బల్లి.

నీలాంబరి మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. "నాకు గుళికలు పెట్టే అమ్మ కూడా పగలంతా ఏమీ తినడం లేదు. నక్షత్రం చూశాకే తింటోంది. ఆవిడ ఆగుతోంది, నేనూ ఆగుతాను" అంది.

రొయ్యత్తకి ఏడుపొచ్చింది. "ఆవిడకి రేపటి బలం ఒంట్లో ఉందే. నీకు నిన్నటిది కూడా మిగల్లేదు."

అమావాస్య పొద్దున మీ నాన్నమ్మ పూజ నుంచి లేచి తొట్టి దగ్గరికి వచ్చారు. వేలు నీళ్ళలో పెట్టారు. ఎవరూ రాలేదు. వంగి చూస్తే నీలాంబరి రాయికి ఆనుకుని పక్కకి ఒరిగి ఉంది. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. ఆవిడ అలాగే నిలబడిపోయారు. హారతి పళ్ళెం చేతిలోనే ఉంది, కర్పూరం ఆరిపోయింది.

"హైమా, వెల్లుల్లి తెప్పించు" అన్నారు.

నా నోట వచ్చిన మాట విన్నారా, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. "రేపటితో అయిపోతుంది కదా అత్తయ్యా" అన్నాను.

"రేపటిదాకా ఇది ఉండదే" అన్నారు ఆవిడ.

గడప ఆవిడే దాటించారు. పూజ చీరతోనే వంటింట్లో కూర్చుని దంచారు. రేకు మీద విటమిన్ చుక్కలు వేసి నానబెట్టారు, రసం పిండారు. చేత్తో పట్టుకుని నీళ్ళలోకి మోచేతి దాకా దించి నీలాంబరి నోటి దగ్గర పెట్టారు.

నీలాంబరి కళ్ళు కదిలాయి.

"అత్తా, ఇదేం వాసన?"

"నీకోసమే తల్లీ. తిను."

"బాగుంది. ఇప్పుడు ఆకలేస్తోంది" అంది. నోరు తెరిచింది. రేకు అంచు పెదవికి తగిలింది. కొరకడానికి బలం చాలలేదు. "నోరు ఆడటం లేదత్తా" అంది.

మీ నాన్నమ్మ చెయ్యి తియ్యలేదు. రేకుని చిన్న చిన్న ముక్కలు చేశారు. ఒక్కో ముక్కా నోటి ముందుకి తోశారు. ఒక ముక్క లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చింది. మధ్యాహ్నమైంది. ఆవిడ అన్నానికి లేవలేదు. మూడూ ఇరవైకి మొప్పలు ఆగిపోయాయి.

ఆవిడ ఏడవలేదు. "వేలు కొరికేది" అన్నారు అంతే.

సాయంత్రం మీ నాన్న దాన్ని తడిగుడ్డలో చుట్టి పెరట్లో మందార మొక్క కింద పూడ్చారు.

ఆ రాత్రి తొట్టిలో చారలోడు బల్లిని ఒకే మాట అడిగాడట. "ఆవిడకి అక్క మీద ప్రేమ లేదా?"

"ఉంది. నేను గోడ మీద నుంచి రోజూ చూశాను. దేవుడికి ఒక మాట, దానికి ఒక ముద్ద, రెండూ బాకీ అనుకుంది. దేవుడు ఆగగలడని తోచలేదు" అంది బల్లి.

మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామునే మేమంతా లేచి అరటి దొప్పల్లో దీపాలు సర్దుకుంటున్నాం. స్నానం కాకుండా ఏ వస్తువూ ముట్టని మీ నాన్నమ్మ, ఆ రోజు మంచం దిగి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళారు. చారలోడి రంగు కూడా కాస్త పాలిపోవడం ఆవిడ కంటపడింది. రేకు నానబెట్టి, రసం కలిపి పెట్టారు. వాడు భయం భయంగా వచ్చి ఒక కొస కొరికాడు.

ఆవిడ దీపాలు కూడా నేనే పట్టుకెళ్ళి సముద్రం నీళ్ళలో వదిలాను. మేం తిరిగి వచ్చేసరికి బాగా తెల్లారింది. ఆవిడ ఇంకా స్నానం చెయ్యలేదు. తొట్టి ముందు కుర్చీలో కూర్చుని, వాడు రేకంతా తినేదాకా చూస్తున్నారు.

నీతి: మన వ్రతం మన ఒంటితోనే ఆగాలి. మన చేతి ముద్ద కోసం ఎదురుచూసే ప్రాణికి కావలసింది ముందు పెట్టి, ఆ తర్వాతే మన నియమం చూసుకోవాలి.