తాడుకు అవతలి కొస

హుసేన్ పీరాకు బావమరిది నబీ రసూల్ మీద అనుమానం పట్టుకుంది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. పికప్ బండిలో కోడి ఈక కనిపిస్తే, రసూల్ తనకు తెలియకుండా ఎవరికో కోళ్లు తోలాడనుకునేవాడు. బండి శుభ్రంగా ఉంటే మరీ ఘోరం. ఏం దాచడానికి కడిగాడోనని ఆ రాత్రంతా నిద్రపట్టేది కాదు.

బండి ఇద్దరిదీ, చెరిసగం పెట్టి కొన్నారు. పీరా పల్లెల్లో తిరిగి పత్తి బాడుగలు కుదిర్చేవాడు. రసూల్ ఆదోని మార్కెట్టుకు తోలేవాడు. రెండిళ్లలో పొయ్యి వెలిగేది దాని మీదే.

ఆరోజు తెల్లవారగానే పీరా తాళంచెవి లాక్కున్నాడు. రసూల్ నోరు మెదపలేదు. తప్పు చేయనివాడైతే ఒక్క మాటైనా అనడా అని పీరాకు ఇంకా మండింది.

"మా తమ్ముణ్ని రోడ్డున పడేస్తే నేనూ వాని వెంటే పోతా" అంది భార్య మస్తానమ్మ. ఆ మాటా చెవికెక్కలేదు.

పత్తి బస్తాలు ఎత్తించి, పైన పట్ట కప్పి, తానొక్కడే తాడు బిగించి బయల్దేరాడు. ఆదోనిలో సరుకు దించాక బండిని అమ్మేసి, రసూల్ సగం వాడి మొహాన కొట్టాలని నిర్ణయం.

దారిలో గురువుగారు ఉండే దర్గా ఉంది. ఆయనకు చెప్పకుండా పీరా ఏ పనీ చేసి ఎరగడు. గురువు ఖలందర్ సాహెబ్ వాకిలి చిమ్ముతున్నారు.

"హజ్రత్, మా బావమరిది నన్ను మోసం చేస్తున్నాడు. బండి అమ్మేస్తున్నా. దువా చేయండి."

"చూసినావా?"

"యాడ చూసేది? ఊరు దాటితే బండి నాకు కనపడదు గదా."

సాహెబ్ బండి వైపు చూశారు. గాలికి పట్ట లేస్తోంది, పైబస్తా ఒకటి పక్కకు ఒరిగింది.

"తాడు వదులైంది. నువ్వు ఈపక్క గుంజు, నేను ఆపక్క పట్టుకుంటా" అని చీపురు గోడకు ఆనించారు.

పీరా బస్తాల మీదుగా తాడు కొస విసిరాడు. ఆ ఎత్తుకు అవతలి మనిషి కనబడడు.

"పట్టుకున్నారా హజ్రత్?"

"ఊఁ."

పీరా టైరుకు కాలు తన్నిపెట్టి గుంజాడు. ఇంతలో మనసు పీకింది. అంత ముసలి చేతుల్లో బలం ఉంటుందా? ఊరికే ఊఁ అంటున్నారేమో? తాడు వదిలి అవతలికి వెళ్లాడు. సాహెబ్ తాడును అరచేతికి చుట్టుకుని, వెనక్కి వాలి నిలబడి ఉన్నారు. సిగ్గుపడి తిరిగొచ్చేసరికి, తను గుంజిందంతా జారిపోయింది.

మళ్లీ గుంజాడు.

"పట్టుకునే ఉన్నారా?"

ఈసారి జవాబు లేదు. పీరా తాడు వదిలేసి పరుగెత్తాడు. సాహెబ్ అలాగే ఉన్నారు. తాడు ఒరుసుకుని అరచెయ్యి ఎర్రగా కందింది.

"పలకలేదేం హజ్రత్?"

"బరువు పట్టుకున్నోనికి మాట యాడొస్తుంది నాయనా? జారింది నీ పక్క."

పీరా ఆ కందిన చెయ్యి చూశాడు. తర్వాత తన కొస దగ్గరికి వచ్చి, ఏమీ అడక్కుండా గుంజాడు. ముడి పడ్డాక, బండిని వచ్చిన దారినే రసూల్ ఇంటికి తిప్పాడు.