సముద్రం లేని అడవికి టెండరు

ముంగిస నూకాలమ్మకి నాలుగేళ్లు. పొద్దున్నే వాగులో ముఖం కడుక్కున్నాక గానీ ఎవరితోనూ మాట్లాడదు.

పోయిన వానాకాలం ఆ వాగే పొంగి, పల్లంలోని బొరియల్లో ఏడుగురు కుందేలు పిల్లల్ని నిద్రలోనే తీసుకుపోయింది. నూకాలు పిల్లలు ముగ్గురూ ఆ పక్క బొరియలోనే పడుకుంటారు. అందుకని ఆమె నెల రోజులు కూర్చుని ఒక పరికరం చేసింది. ఎండిన సొరకాయ బుర్రకి తీగ, తీగ చివర దిరిసెన కాయల గుత్తి. బొరియలోకి నీళ్లు ఊరితే బుర్ర తేలుతుంది, తీగ కదులుతుంది, కాయలు గలగలమంటాయి.

అది పట్టుకుని కొనుగోలు అధికారి నక్క నాగేంద్రం దగ్గరికి వెళ్లింది.

"చాలా బాగుందమ్మా. మొన్న మహిళా దినోత్సవం నాడు దీనికేగా శాలువా కప్పాం?"

"కప్పారు. ఇప్పుడు కొనండి."

"ఇదివరకు మూడు అడవులకి సరఫరా చేసినవాళ్ల దగ్గరే కొనాలి. షరతు."

"చేసిందే మొన్న. మూడు అడవులకి ఎప్పుడు అమ్ముతానండీ?"

"అయితే ముందు అమ్మి రా."

"వెళ్లానండి. మీ అడవే కొనలేదట, మేమెందుకు కొంటాం అన్నారు."

"వాళ్లన్నదీ సబబే." నక్క ఆవులించాడు. "చూడమ్మా, ఇలాంటివి ఇరుగుపొరుగుకి చేసిపెట్టుకో, ఆవకాయ పంచుకున్నట్టు. సర్కారుతో నీకెందుకు?"

టెండరు కొంగ సుందరరావుకి వచ్చింది. అతను తీరం అడవుల నుంచి రాగి గంటలు తెస్తాడు. మూడు అడవులకి అమ్మాడు కూడా. అల తగిలితే గంట ఊగి మోగుతుంది.

ఒప్పందం రోజు ఏనుగు పెద్దమ్మ సభలో కూర్చుంది. రాజుగారి తరఫున సంతకం ఆమెదే. నూకాలు టెండరు కాగితం పట్టుకుని లేచింది.

"పెద్దమ్మా, ఇందులో 'సముద్రపు ఒడ్డున' అని మూడుచోట్ల ఉంది. మనకి సముద్రమెక్కడ?"

కొంగ గొంతు సవరించుకున్నాడు. నక్క మాత్రం తొణకలేదు. "తీరం అడవి వాళ్ల టెండరు తెచ్చి మన పేరు పెట్టాం. ఫార్మాట్ అది. ఒక్క అక్షరం కూడా మార్చకూడదు."

"సరే. అయితే చివరి పేజీ కూడా మార్చకూడదు కదా. 'కొనే ముందు ఏడు రోజులు పరీక్ష. ఆ ఏడు రోజులూ కొనుగోలు అధికారి అన్నిటికన్నా పల్లపు బొరియలో కాపురం ఉండాలి.'"

నక్క కాగితం లాక్కున్నాడు. ఆ పేజీ అతను చూడటం అదే మొదలు.

"మార్చకూడదన్నావుగా నాయనా," అంది ఏనుగు. "సామాను సర్దుకో."

నక్క దిగిన పల్లపు బొరియలో రాగి గంట వేలాడదీశారు. పక్కనే కుందేళ్ల బొరియలో, తన బొరియలో నూకాలు సొరబుర్రలు కట్టుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం కొండమీద వాన పడింది. వాగు అలలు వేస్తూ రాలేదు. మట్టిలోంచి చప్పుడు లేకుండా ఊరింది. దిరిసెన కాయలు గలగలమన్నాయి. కుందేళ్లు పిల్లల్ని నోట కరుచుకుని గట్టెక్కాయి. నూకాలు తన ముగ్గుర్నీ ఎక్కించి, వెనక్కి వచ్చి నక్క గుమ్మంలో అరిచింది.

"లేవండి, నీళ్లొస్తున్నాయి."

"నీ గోల నీదే. నా గంట మోగలేదు," అని నక్క అటు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి ఏనుగు తొండం పెట్టి అతన్ని తోకతో సహా బయటికి లాగింది. మెడ దాకా బురద. గంట నీళ్లలో నిశ్శబ్దంగా మునిగి ఉంది.

"మోగలేదేం?" అని చెట్టు మీదున్న కొంగని అడిగింది ఏనుగు.

"అల రాలేదండి."

ఏనుగు అక్కడే తీర్పు చెప్పింది. "పల్లంలో పన్నెండు బొరియలున్నాయి. ముందు పన్నెండు సొరబుర్రలు కొందాం. పనిచేస్తే అడవంతటికీ."

నక్క తుమ్మాడు. "మరి ఆవిడకి అనుభవం లేదు కదండీ?"

"మనం కొంటే వస్తుంది."

మొదటిసారి కొనే ధైర్యం సర్కారుకే లేకపోతే, సొంతగడ్డ మీద కొత్త వస్తువు చేసినవాళ్లకి అనుభవం ఆకాశం నుంచి ఊడిపడదు.

మరుసటి ఏడు నూకాలు కొనుగోలు అధికారి అయింది. మొదటి ఆర్డరు, అంతకుముందు ఎవరికీ ఏమీ అమ్మని ఒక గబ్బిలానికి ఇచ్చింది.