ముప్పై మూడో కొయ్యతల

ఒకానొక రాజ్యంలో అన్నామంటే ఒక రాజూ, ఒక మంత్రీ ఉండి తీరాలి కదా. ఉన్నారు. కానీ ఈ కథ వాళ్ళది కాదు, తలపాగాల గది చూసుకునే తిప్పన్నది.

"గదికి కాపలా ఉంటావటగా?" అని ఎవరైనా అంటే తిప్పన్నకి ఒళ్ళు మండేది. "తలుపు దగ్గర నిలబడేవాడు కాపలావాడు బాబూ! నేను రాజుగారి తలని చూసుకునేవాణ్ణి" అనేవాడు. తాత చేసిన పని, తండ్రి చేసిన పని, నలభై ఏళ్ళుగా తను చేస్తున్న పని. ఆ మాట చెప్పేటప్పుడు మనిషి జానెడు పొడుగయ్యేవాడు.

ఆ గది చూసి తీరాలి. తండ్రి పొణికి కర్రతో చెక్కిన కొయ్యతలలు వరసగా ముప్పై మూడు. ముప్పై రెండింటి మీద రాజుగారివి ఉండేవి. జరీ అంచు పట్టుపాగా, కొండదేశం నుంచి వచ్చిన ఉన్ని కుళ్ళాయి, మఖమలు టోపీ, వేటకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే తోలు టోపీ, ఏరువాక నాడు రాజుగారు స్వయంగా నాగలి పట్టేటప్పుడు పెట్టుకునే తాటాకు టోపీ, ఇట్లా. ముప్పై మూడోది ఖాళీ. "ఇదెందుకు నాన్నా?" అని తిప్పన్న ఒకప్పుడు అడిగితే, "ఉండనీరా, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాడట తండ్రి.

ఆ గదికి ఒక కట్టుబాటు. లోపలికి వెళ్ళేవాడు ఎంతటివాడైనా సరే, తన తలపాగా తీసి గుమ్మం పక్కన మేకుకి తగిలించి వెళ్ళాలి. ఉన్నది ఒకటే మేకు. తిప్పన్న నూలు తలపాగా నలభై ఏళ్ళుగా రోజూ దానికే వేలాడేది. మేకు తగిలినచోట చిరిగితే అతని భార్య లచ్చమ్మ కుట్టేది, మళ్ళీ చిరిగేది.

ఇక రాజుగారు. పేరు ధీరగజేంద్ర భూపతి. పేరుకి తగ్గ దర్జా. ఒకసారి ఏదో ఊళ్ళో ఉత్సవానికి రమ్మంటే తను వెళ్ళలేక తలపాగాని పల్లకీలో పంపించారు. ఆ ఊరి పెద్ద పాపం, దానికి దండం పెట్టాలని తెలియక చుట్ట కాలుస్తూ నిలబడ్డాడు. అంతే! రాజుగారు మండిపడి కోటగుమ్మం దగ్గర రాతి మీద శాసనం చెక్కించారు. "మా తలపాగా ఎక్కడ ఉంటే మేమక్కడ ఉన్నట్టే. దానికి చేసిన మర్యాద మాకు చేసినట్టే, దానికి చేసిన అవమానం మాకు చేసినట్టే." ఆనాటి నుంచి పల్లకీలో తలపాగా వస్తుంటే ఊరంతా వంగేది.

ఇట్లా ఉండగా రేచన అని కొత్త మంత్రి వచ్చాడు. వచ్చిన మూడో రోజునే ఆయన కన్ను తలపాగాల గది మీద పడింది. తూర్పు కిటికీ, చల్లటి గాలి. "నా కచేరీకి ఇదే సరైన గది" అనుకున్నాడు. అనుకుని ఒక ఆజ్ఞాపత్రం రాశాడు. తలపాగాలూ టోపీలూ అన్నీ చాకిరేవుకి పంపి బండకేసి బాదించాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పడేయాలి. తర్వాత ఒకే టేకు పెట్టెలో తొక్కి, తాళం వేయాలి. కొయ్యతలలు వంటశాల పొయ్యిలోకి. గడువు శుక్రవారం.

రాజుగారు అద్దంలో మీసం చూసుకుంటూ ముద్ర వేసేశారు.

సంగతి తెలిసి తిప్పన్న పరుగున వెళ్ళి రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు. "మహాప్రభో! పట్టూ ఉన్నీ తోలూ తాటాకూ ఒకే తీరున చూసుకునేవి కావు. దేని ప్రాణం దానిది. అన్నిటినీ ఒకే పెట్టెలో తొక్కితే వచ్చే పండగ నాటికి ఒక్కటీ మిగలదు."

"తలపాగాలు చూసుకోవడం కూడా ఒక విద్యేనటోయ్!" అని రాజుగారు నవ్వారు. పక్కనున్న రేచన ఇంకా గట్టిగా నవ్వాడు.

"నా తండ్రి చెక్కిన తలలు ప్రభూ, పొయ్యిలో..."

"ముద్ర పడిందంటే పడిందే. శుక్రవారానికి పని కాకపోతే కోట వదిలి వెళ్ళిపో."

తిప్పన్న ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద నోటికి పోలేదు. కొలువు పోతుందని కాదు దిగులు. తండ్రి చేతి పనిని తన చేతులతోనే పొయ్యిలో పెట్టాలే అని గుండె తరుక్కుపోయింది.

"కంచంలో ఏం కనిపిస్తోందయ్యా అట్లా చూస్తున్నావు?" అంది లచ్చమ్మ. "ఇన్నేళ్ళూ రాజుగారి తల కాపాడావు. ఆ తలలో ఉన్నదేమిటో నీకు తెలియదూ? దాన్ని పట్టుకునే ఏదో ఒక దారి వెతుకు."

తిప్పన్న లేచి వీధిలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే, ఎవరో సామంతుడి ఇంట్లో పెళ్ళికి రాజుగారి పట్టుపాగా పల్లకీలో వెళ్తోంది. జనమంతా వంగారు. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా వంగినవాడు రేచన మంత్రి. ముక్కు నేలకి తగిలి మట్టి అంటుకుంది. తిప్పన్న ఆ మట్టి ముక్కుని చూశాడు, కోటగుమ్మం దగ్గర రాతిని చూశాడు. ఆజ్ఞ సంగతి తెలిశాక మొదటిసారి నవ్వాడు.

శుక్రవారం వచ్చింది. సభ నిండుగా ఉంది. బయట డోలు మోగింది. పల్లకీ సభలోకి వచ్చింది. దాంట్లో అయిదు కొయ్యతలలు, వాటి మీద పట్టుపాగా, కుళ్ళాయి, మఖమలు, తోలు, తాటాకు. శాసనం శాసనమే కదా, సభంతా లేచి వంగింది. రాజుగారు కూడా సగం లేచి, తనకి తను లేవాలో వద్దో తోచక మళ్ళీ కూర్చున్నారు.

"ఏమిట్రా ఇది?" అన్నారు.

"ఆజ్ఞ అమలు చేస్తున్నాను ప్రభూ. రేవుకి వెళ్ళే ముందు సభకి వినిపించి వెళ్దామని వచ్చాను. తలపాగా అన్నా ఏలినవారన్నా ఒకటేనని తమ శాసనం. అందుకని శాసనానికి లోటు రాకుండా చదువుతాను." తిప్పన్న పత్రం విప్పాడు. "ఏలినవారిని చాకిరేవుకి తీసుకుపోయి బండకేసి బాదవలెను."

తిప్పన్న వేలు పెట్టి కింది వరస అందుకున్నాడు.

"ఆ పైన ఏలినవారిని మిట్టమధ్యాహ్నపు ఎండలో పడేయవలెను. ఆ పైన ఏలినవారిని టేకు పెట్టెలో తొక్కి తాళం వేయవలెను..."

"ద్రోహం!" అని సేనాపతి కత్తి దూశాడు. "ఎవడు రాశాడు అది?"

"రాసింది మంత్రిగారు. ముద్ర వేసింది ఏలినవారు."

సేనాపతి మంత్రి వైపు చూశాడు, రాజు వైపు చూశాడు, కత్తి మెల్లగా ఒరలో పెట్టేసుకున్నాడు. రేచన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బాదితే రాజద్రోహం, బాదకపోతే ఆజ్ఞ మీరడం. ఏ నేరం చెయ్యమంటారో తమరే సెలవియ్యండి ప్రభూ" అన్నాడు తిప్పన్న చేతులు కట్టుకుని.

రాజుగారి మొహం ఎర్రబడింది. "బాగానే ఇరికించావు! అయితే నన్ను ఎట్లా చూసుకోవాలో చెప్పు. ఒక్కచోట తడబడ్డావంటే నీ సంగతి చూస్తాను."

అడగాల్సిన మాట అడిగారు! తిప్పన్న నడుం నిటారుగా నిలబెట్టాడు.

"ఏలినవారు పట్టులో ఉన్నప్పుడు తమకి ఎండ తగలనివ్వను. పాత నూలుగుడ్డతో మెత్తగా తుడుస్తాను. అత్తరు చుక్క పడనివ్వను, పడితే జరీ నల్లబడుతుంది. మడత పెట్టను, మడతలో జరీ విరుగుతుంది. ఉన్నిలో ఉన్నప్పుడు తమకి పురుగు భయం. ఎండిన వేపాకూ వసకొమ్మూ మూటగట్టి పక్కన పెడతాను, పొద్దున్నే నీడపట్టున గాలి తగలనిస్తాను. మఖమలులో ఉన్నప్పుడు నూగు ఎటు వాలితే అటే దువ్వుతాను, తమ మీద ఇంకేదీ మోపను. తోలులో ఉన్నప్పుడు వానాకాలం బూజు పట్టకుండా తుడిచి, వేలికొసతో నూనె రాస్తాను. కానీ పట్టులో ఉన్న తమరినీ, తోలులో ఉన్న తమరినీ దగ్గర చేర్చను, మరకలవుతాయి. తాటాకులో ఉన్నప్పుడు తమకి దాహం ప్రభూ. వేసవిలో పక్కన నీళ్ళ కుండ పెడతాను, లేకపోతే పగిలిపోతారు."

రాజుగారి మీసం కదిలింది. నవ్వు ఆపుకుంటున్నారు. "మరి ఈ కొయ్యతలలెందుకు?"

"టోపీ తన ఆకారం మరిచిపోకుండా ప్రభూ. తమ కొలతకే చెక్కాడు మా అయ్య. అయితే పట్టాభిషేకం నాటి నుంచి ఇప్పటికి మూడుసార్లు వాటికి గుడ్డ చుట్టి లావు చేశాను. తమ తల ఏటేటా పెరుగుతోంది."

సేనాపతి చెయ్యి మళ్ళీ కత్తి మీదికి పోయింది. అంతలో రాజుగారు సింహాసనం చేతుల మీద గుద్ది గుద్ది, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"పద, ఆ గది చూపించు" అని లేచారు.

గుమ్మం దగ్గర రాజుగారు ఆగారు. కట్టుబాటు గుర్తొచ్చి తన తలపాగా తీశారు. తగిలిద్దామంటే మేకుకి అప్పటికే తిప్పన్న తగిలించిన నూలుపాగా వేలాడుతోంది. దాన్ని తీసి చేతిలో పట్టుకుని చూశారు. నలభై ఏళ్ళ చిరుగులు, వాటి మీద లచ్చమ్మ కుట్లు.

"ముప్పై రెండింటిని ఇంత బాగా చూసి, నీదాన్ని మేకుకి వదిలేశావటయ్యా?"

"నాది నూలు ప్రభూ, ఓర్చుకుంటుంది" అన్నాడు తిప్పన్న.

రాజుగారు తన తలపాగాని మేకుకి తగిలించారు. బోడి తలతోనే లోపలికి నడిచి, ఖాళీగా ఉన్న ముప్పై మూడో కొయ్యతల మీద తిప్పన్న పాగాని స్వయంగా పెట్టి, రెండు చేతులా సర్దారు. "ఈ గదిలో ఉన్న ప్రతి తలపాగాకీ శాసనం వర్తిస్తుంది. రాయించండి" అన్నారు. తిప్పన్నకి జరీశాలువా కప్పి, గదిని వంశపారంపర్యంగా రాసిచ్చారు.

రేచన మంత్రికి కచేరీ దొరికింది లెండి, ఏనుగుల సాల పక్కన. రోజూ పొద్దున్నే కొలువుకి వెళ్ళే దారిలో తలపాగాల గది ముందు ఆగి ముప్పై మూడు దండాలు పెట్టాలి. ముప్పై రెండు త్వరత్వరగా పెట్టేసేవాడట. చివరిదాని దగ్గర మాత్రం తిప్పన్న పలకరించేవాడు.

"ఇంకొంచెం వంగాలి మంత్రిగారూ, అది నూలు. మెత్తగా ఉంటుంది కానీ పొగరెక్కువ."