దమరి దుప్పులు

ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి, నిద్దరొచ్చినవాళ్లు పడుకోండి. కథ మాత్రం ఆగదు.

వెనకటికెప్పుడో, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, సముద్రానికి అవతలి ఒడ్డున ఒక రాళ్ల ఊరుండేది. ఆ ఊళ్లో క్రీస్తుని కొలిచేవాళ్లు చిన్న గుడి కట్టుకున్నారు. గోడలు మట్టివి. కప్పు ఈతాకుది. నేల మాత్రం బొమ్మల నేల. గోరంత గోరంత రంగురాళ్లని పచ్చి సున్నంలో పక్కపక్కనే గుచ్చి వేసిన బొమ్మలు.

వేసింది తుకికు. ఆయన పెళ్లాం దమరి. ఆయన రాళ్లు గుచ్చేవాడు, ఆమె బావి నుంచి నీళ్లు మోసి సున్నం కలిపేది.

ఆ ఊళ్లో చదువొచ్చినవాళ్లు తక్కువ. నేలనే చదువుకునేవాళ్లు. నెమలి కనిపిస్తే, చావు లేని బతుకు అనేవాళ్లు. ద్రాక్షతీగ కనిపిస్తే, మనమంతా ఒక్క తీగ అనేవాళ్లు. రొట్టెల బుట్ట కనిపిస్తే, ఊళ్లో ఎవరూ ఆకలితో పడుకోకూడదు అనేవాళ్లు. సిలువ మాత్రం వెయ్యనివ్వలేదు. దానిమీద కాలు పెట్టి ఎలా నడుస్తాం అన్నారు.

చిట్టచివర గడప దగ్గర తుకికు రెండు దుప్పులు మొదలుపెట్టాడు. అటొకటి, ఇటొకటి. మధ్యలో నీటి ఊట రావాలి. ఊటకి నీలం రాళ్లు కావాలి. నీలం రాళ్లు ఓడలో రావాలి. ఓడకంటే ముందు తుకికుకి జ్వరమొచ్చింది. ఆయన వేళ్లకి రాయి పట్టు చిక్కక రెండో దుప్పికి కన్ను దమరే గుచ్చింది. కొంచెం వంకరొచ్చింది. "బానే ఉందిలే, అటు తిరిగి నన్నే చూస్తోంది" అన్నాడాయన. ఆ వారమే పోయాడు.

దుప్పులు తల వంచాయి. నీళ్లు లేవు.

పిల్లల్లేరు దమరికి. రోజూ పొద్దున్నే వచ్చి ఆ దుప్పుల పక్కన కాసేపు కూర్చునేది. అంతే.

ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడు బావిలోకి తాడు చాల్లేదు. ఇంటికింతని నీళ్లు పంచుకున్నారు. ఒంటి మనిషని దమరికి రోజుకో ముంత.

అప్పుడు అందరి కళ్లూ గడప దగ్గరి బొమ్మ మీద పడ్డాయి. పడవల త్రోఫిము అన్నాడు: "నెమలి చెప్పేది నిజమైతే దుప్పి చెప్పేదీ నిజమేగా. ఎండిన గుంట చూపిస్తోంది. అది వేశాకే వాన పోయింది."

ఔనన్నారు. ఆదివారం పొద్దున్నే సుత్తులతో కొట్టేద్దాం అన్నారు.

దమరి ముందు కుమ్మరి యువొదియ దగ్గరికి వెళ్లింది. "వదినా, నువ్వైనా వద్దని చెప్పు. ఆయన చేతిలో చివరి పని అది."

"నా సారె మీద తడి మట్టి చూసి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? నేను చెబితే ఎవరు వింటారే. కావాలంటే కన్ను రాయి ఒకటి ఏరి దాచుకో."

తర్వాత త్రోఫిము దగ్గరికి వెళ్లింది.

"తుకికు మంచోడే చెల్లీ," అన్నాడు త్రోఫిము. "మంచోడు చేసిన పడవైనా చిల్లుంటే ఎక్కుతామా?"

"చిల్లు లేదన్నా. పని పూర్తి కాలేదు."

"దాహమేసినోడికి రెండూ ఒకటే."

ఆఖరికి గుడి పెద్ద అర్కిప్పు దగ్గరికి వెళ్లింది. "అయ్యా, ఆ బొమ్మకి అసలు అర్థమేంటి?"

"తెలిస్తే వాళ్లని ఆపేవాణ్ణమ్మా" అన్నాడాయన.

ఆదివారం తెల్లవారింది. ఆ దేశంలో ఎవరు పోయినా స్నానం చేయించకుండా మట్టిలో పెట్టరు. తుకికుకి దమరే చేయించింది. ఈ దుప్పులూ పోతున్నాయిగా, వీటికీ చేయిద్దాం అనుకుంది. తన ముంత పట్టుకుని గుడికొచ్చింది. గొంతు ఎండిపోతోంది. ఐనా గుక్క తాగలేదు. ఒక దుప్పి వీపు మీద కాసిని నీళ్లు పోసింది, కొంగుతో తుడిచింది. రెండో దాని మీద కాసిని పోసింది, తుడిచింది. దుమ్ము పోయి తేనెరంగు బయటికొచ్చింది. మూతులు కడగడానికి మిగిలినవన్నీ పోసింది.

ఆ నీళ్లు జారి మధ్యలోకి వెళ్లాయి. అక్కడ రాళ్లు గుచ్చలేదు కదా, ఆ చోటు రాయి మందాన పల్లంగా ఉంది. నీళ్లు అక్కడే నిలిచాయి. తెరిచిన తలుపులోంచి ఆకాశం వాటిలో పడింది. నీలంగా, నిండుగా.

దుప్పులు తల వంచాయి. నీళ్లు ఉన్నాయి.

సుత్తులతో వచ్చినవాళ్లు గడప మీదే ఆగిపోయారు. వెనకనుంచి ఎవరో మోకాళ్ల మీద పడి, "ఊట పుట్టింది" అన్నారు.

"ఊట కాదు" అంది దమరి. "నా ముంత నీళ్లు."

"ఇవాళ్టి వంతు మొత్తమా?" అంది వాళ్ల వెంట వచ్చిన యువొదియ.

"మొత్తం."

"మరి నువ్వేం తాగుతావే పిచ్చిదానా?"

"తెలీదు వదినా. ఆలోచించలేదు."

యువొదియ గొణుక్కుంటూనే చంకలో ఉన్న తన నీళ్ల కూజా దమరి నోటికి పట్టింది. అడుగున మిగిలిన చుక్క ఆ గుంటలోకి వంచింది.

అర్కిప్పు వంగి చూశాడు. "ఇన్నాళ్లూ నీళ్లు రావని చెప్తోంది అనుకున్నాం. కాదు, నీళ్లు పొయ్యమని అడుగుతోంది."

"అడిగితే పొయ్యాలిగా" అంటూ త్రోఫిము సుత్తి కింద పెట్టాడు. "నా వంతులో పుక్కెడు పోస్తా. దుప్పులకి బాగా అలవాటు చెయ్యకండి మరి."

ఆ రోజు వాన పడలేదు. మర్నాడూ పడలేదు. పడాల్సినప్పుడు పడింది. కానీ అప్పటిదాకా ఆ గుంట ఎండలేదు, ఆ ఊళ్లో ఒంటిగా ఉన్నవాళ్ల ముంతా ఎండలేదు.

చాన్నాళ్లకి ఓడ వచ్చింది, నీలం రాళ్లూ వచ్చాయి. అప్పటికి దమరి ముసలిదైపోయింది. ఊట వేసేద్దామా అని అడిగారు.

"వేస్తే ఇక మనమెందుకు?" అంది.

ఆమె పోయినప్పుడు ఇంటింటి నుంచీ చెంబుడు నీళ్లు తెచ్చి స్నానం చేయించారు. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గుడికొచ్చేవాళ్లు దోసెడు నీళ్లు పోసి గడప దాటతారు. ఇక ఆ దేశంలో పసివాళ్ల చెయ్యి తగిలి నీళ్లకుండ ఒలికిందనుకోండి, ఏ తల్లీ కసరదు. "పోనీలే, దమరి దుప్పులు తాగాయి" అంటుంది, మళ్లీ బావికి వెళుతుంది.