రెప్ప పడని రాణి, గట్టు మీది నీలిపూలు

అనగనగా ఒక రాజు. రాజులన్నాక ముగ్గురు కొడుకులుంటారు గదా, ఈయనకీ ఉన్నారు. హేలావతి అని బంగారంలాంటి రాణి కూడా ఉంది. రాజుకి లేనిదల్లా నోటి మీద అదుపు. ఒకనాడు భోజనం చేస్తూ, "ఏమిటే, కళ్ళ కింద ఆ నలుపు? ముసలిదానివైపోతున్నావు" అన్నాడు. ముగ్గురు బిడ్డల్ని కని, వాళ్ళకి జ్వరాలొస్తే జాగారాలు చేసిన కళ్ళవి! నల్లబడక మెరుస్తాయా?

రాణి ఆ మాట మనసులో పెట్టుకుని కుమిలిపోయింది. ఏడ్చే ఆడదాన్ని మాంత్రికుడు ఇట్టే పసిగడతాడు. కరాళకేతు అనే మాంత్రికుడు కాటుక భరిణెతో వాలిపోయాడు.

"రాసుకోండమ్మా, పదహారేళ్ళ కళ్ళొస్తాయి."

రాసుకుంది. కళ్ళ చుట్టూ చర్మం నిప్పంటుకున్నట్టు మండింది. రెప్ప పడలేదు. మాంత్రికుడు పకపకా నవ్వాడు.

"నా రెప్ప పడితేనే నీ రెప్ప పడుతుంది. నాది ఎన్నటికీ పడదు! పున్నమిలోగా రాజ్యమిస్తే మంత్రం విప్పుతా. ఇవ్వకపోతే నీ చూపు పోతుంది" అని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

వాడి ప్రాణం చిలకలో ఉంది. మాంత్రికుల ప్రాణం ఇంకెక్కడుంటుంది?

పెద్దకొడుకు కత్తి పట్టి, గుర్రమెక్కి, జొన్నచేను తొక్కుకుంటూ పోయాడు. కలుపు తీస్తున్న గురివి అనే పడుచు నడుం ఎత్తి, "కళ్ళు నెత్తికెక్కాయా నాయనా!" అని అరిచింది. వాడు మొదటి సముద్రం చూసి వెనక్కొచ్చాడు. రెండోవాడు ఈటె పట్టి బయల్దేరాడు. అదే చేను, అదే తొక్కుడు, అవే తిట్లు. వాడూ వెనక్కొచ్చాడు.

మూడోవాడు మృదుపాణి. చేను కనపడగానే గుర్రం దిగి గట్టు మీద నడిచాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. కలుపు తీసే ఆడవాళ్ళంతా తుమ్మచెట్టు కింద పడుకుని, మూసిన కళ్ళ మీద తడి నీలిపూలు పెట్టుకున్నారు.

"ఏం పూలివి?" అన్నాడు.

"కలుపు మొక్కకి పేరెవరు పెడతారు?" అంది గురివి, పూలు తియ్యకుండానే. "ఎండకీ దుమ్ముకీ కళ్ళు మండితే కుండలో నానేసి పెట్టుకుంటాం. మంట లాగేస్తుంది. మిగతా కలుపంతా పారేసినా దీన్ని మాత్రం కొంగున కట్టుకుంటాం."

మృదుపాణి తల్లి సంగతి చెప్పాడు. గురివి చప్పున లేచి కూచుంది.

"మీ అన్నలు తొక్కారు, నువ్వు దిగి నడిచావు. ఇదిగో, పట్టుకెళ్ళు" అని తడిగుడ్డలో పూల మూట కట్టిచ్చింది.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు, కంట్లో ఇసక పడి, నులుముకోవడానికి కాలందక ఏడుస్తోంది. మృదుపాణి దాని కళ్ళు కడిగి పూలు పెట్టాడు.

"ఎక్కు నాయనా! ఏడు కాదు, పద్నాలుగైనా దాటిస్తా" అంది తాబేలు.

ఏడో సముద్రం అవతల మాంత్రికుడి కోట. కోటలో పంజరం. పంజరంలో చిలక, గుడ్లప్పగించి చూస్తోంది. దాని కళ్ళకీ అదే కాటుక.

"చంపడానికొచ్చావా?" అంది చిలక. "నేను కళ్ళు తెరిచి చస్తే వాడూ కళ్ళు తెరిచే చస్తాడు. మీ అమ్మ రెప్ప ఇంకెప్పుడూ పడదు."

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళైంది?"

చిలక పంజరం అంచుకి జరిగింది. "మూడేళ్ళు. ఆ మాట అడిగినవాడివి నువ్వే."

మృదుపాణి పంజరం తెరిచి చిలకను ఒళ్ళో పెట్టుకున్నాడు. కాటుక మెల్లగా కడిగాడు. రెండు కళ్ళ మీదా రెండు పూలు పెట్టాడు. "అమ్మయ్య" అంది చిలక.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "ఓరి నీ..." అంటుండగానే ఆవులింత వచ్చింది. అక్కడే కూలబడి గుర్రుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఇవతల రాజుగారి కోటలో రాణి రెప్పలు వాలాయి.

చిలక కాటుకతో పాటు వాడి మంత్రాలూ కొట్టుకుపోయాయి. నిద్ర లేచేసరికి ఉత్త ముసలాడు. అందరినీ తాబేలే మోసుకొచ్చింది. ముసలాణ్ణి గురివి చేలో కలుపు తీయడానికి పెట్టారు. అన్నలిద్దర్నీ కూడా!

"నన్ను పెళ్ళాడతావా?" అన్నాడు మృదుపాణి గురివితో.

"ఆడతా. రేపు నా కళ్ళ కింద నల్లబడితే?"

"పూలు నేనే నానేస్తా."

మూడు రోజులు పెళ్ళి జరిగింది. వాళ్ళు ముప్పై ఏళ్ళు రాజ్యమేలారు, ఒక్క చేనూ తొక్కకుండా.

ముసలి రాజు మాత్రం రోజూ మధ్యాహ్నం తన చేత్తో రాణి కళ్ళ మీద పూలు పెట్టేవాడు.

"హేలా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టేవాడు.

"ష్! నిద్రొస్తోంది" అనేది రాణి. ఆ కాసేపు రాజ్యంలో ఎవరూ చప్పుడు చేసేవారు కాదు, చిలకతో సహా.