పేరు జాగాలో బాతు

అనగనగనగా, ఏడు సముద్రాల అవతల గ్రీకుల దేశంలో ఒక కుమ్మరి వీధి. ఆ వీధిలో ఫిలోను అని ఒక పెద్ద కుమ్మరి. చక్రం మీద కుండ చేసేది ఆయన. దాని మీద బొమ్మలు వేసేది ఇంకో ఆయన.

ఆ బొమ్మలాయన పేరేంటి అంటావా? ఆగు మరి, కథంతా ఆ పేరు గురించే!

ఫిలోను చేసిన ప్రతి కుండ అడుగునా “నన్ను ఫిలోను చేశాడు” అని ఉండేది. కుండే మాట్లాడుతున్నట్టు అన్నమాట. అదీ ఆయన గొప్ప. బొమ్మలాయనని మాత్రం అందరూ “ఓ బొమ్మలాయనా” అనే పిలిచేవాళ్ళు. అలా పిలిచి పిలిచి, అసలు పేరు వీధి వీధంతా మర్చిపోయింది.

అప్పుడు బొమ్మలాయనకి బెంగ పట్టుకుంది. చేపలమ్మే ఆవిడకి చదువొచ్చని తెలిసి, మూడు నెలలు ఆవిడ బుట్ట పక్కనే కూర్చుని తన పేరు రాయడం నేర్చుకున్నాడు. ఆ పేరు తప్ప ఇంకో అక్షరం ముక్క రాదు ఆయనకి. ఒళ్ళంతా చేపల వాసన, అయినా మొహం వెలిగిపోతోంది!

ఆ తర్వాత ఫిలోనుని అడిగాడు. “ఒక్క కుండ మీద నా పేరు రాసుకుంటానయ్యా.”

“దీని మెడ సన్నం, పట్టదులే” అన్నాడు ఫిలోను. ఇంకోసారి అడిగితే “ఇవాళ గాలి మంచిది కాదు” అన్నాడు. మూడోసారి అడిగితే చెవుడు వచ్చినవాడిలా నటించాడు.

అంతలో ఒక పెళ్ళివారు వచ్చారు. ఆ దేశంలో పెళ్ళికూతురి స్నానానికి నీళ్ళు తేవడానికి పొడుగు మెడ కుండ ఒకటి ప్రత్యేకంగా చేయిస్తారు. దాని చుట్టూ పెళ్ళి ఊరేగింపు బొమ్మ వేయాలి. పెళ్ళేమో పది రోజుల్లో ఉంది.

అప్పుడు బొమ్మలాయన కుంచె కింద పెట్టేసి, చేతులు కట్టుకు కూర్చున్నాడు.

ఫిలోను గింజుకున్నాడు, గొణుక్కున్నాడు, ఆఖరికి దిగొచ్చాడు. “సరేనయ్యా, రాసుకో! కానీ ముందు పెళ్ళివారు అడిగిన బొమ్మలన్నీ వేయాలి. మిగిలిన జాగా ఎంతో, అదే నీది.”

బొమ్మలాయన ఎగిరి గంతేశాడు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, బండి, గాడిదలు, అన్నీ కాస్త ఇరుకు ఇరుకుగా సర్దేసి, అరచెయ్యంత జాగా మిగుల్చుకున్నాడు.

మర్నాడు పెళ్ళికూతురి అమ్మమ్మ క్లేయో వచ్చింది. “ఏం నాయనా, గాడిదకున్నపాటి చోటు నాకు లేదా? కాగడా పట్టుకుని ముందు నడిచేది నేనే కదా!” అంది.

న్యాయమే మరి. అమ్మమ్మని వేశాడు, కాగడాతో సహా. జాగా సగమైంది.

ఆ తర్వాత పెళ్ళికొడుకు మేనమామ స్ట్రాటోను వచ్చాడు. “నా బొమ్మ ఉంది సరే, గడ్డమేదయ్యా? నా గడ్డం చూసే కదా వాళ్ళు పిల్లనిచ్చింది!” అన్నాడు. గడ్డం వేశాడు. “ఇంకాస్త” అన్నాడాయన. ఇంకాస్త వేశాడు. “ఇంకాస్త!” అది మోకాలి దాకా దిగింది. జాగా రెండు వేళ్ళ వెడల్పుకి వచ్చింది.

అయినా ఫరవాలేదు. ఆ రెండు వేళ్ళ జాగాలో పేరు సరిగ్గా పడుతుంది. బొమ్మలాయన తలుపు గడియ పెట్టి, కుంచె తడిపి, ఊపిరి బిగబట్టాడు.

టకటకా తలుపు చప్పుడు.

చూస్తే పెళ్ళికూతురు మెలిట్టా! వెనకాల మెడ చాచుకుని ఒక తెల్ల బాతు.

“బాబాయ్, దీన్ని గుడ్డు నుంచి నేనే పెంచాను” అంది ఆ పిల్ల. “అత్తారింటికి తీసుకెళ్తే కూర వండేస్తారు. అక్కడ నాకు తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు. కుండ మీదైనా దీన్ని పెట్టవా?”

బొమ్మలాయన ఆ పిల్లని చూశాడు. జాగాని చూశాడు. బాతుని చూశాడు. బాతు ఆయన కాలి బొటనవేలు కొరికింది.

“వేస్తాలే” అన్నాడు. “కానీ నల్లగా వస్తుంది సుమా. ఆవంలో కాలాక అందరూ నలుపే, బాతైనా బావగారైనా.”

వేసేశాడు. బొమ్మలు వేసే పూత కూడా మట్టిదే. ఎండితే కుండ రంగులో కలిసిపోతుంది, దగ్గరగా కళ్ళు పెట్టి చూస్తే తప్ప తెలీదు. అందుకే దూరం నుంచి చూసిన ఫిలోనుకి బాతు కనపడలేదు. “పేరు రాశావా?” అన్నాడు. “ఆ జాగా నిండిందయ్యా” అన్నాడు బొమ్మలాయన.

కుండని ఆవంలో పెట్టారు. మొదట గాలి తగలనిచ్చి కాల్చారు, కుండ ఎర్రగా అయింది. ఆ తర్వాత పచ్చికొమ్మలు పడేసి గాలి మూసేశారు, మొత్తం నల్లగా అయిపోయింది. సరిగ్గా అప్పుడే పెళ్ళివారొచ్చి కన్నంలోంచి తొంగి చూశారు.

“అయ్యో, మమ్మల్నందర్నీ మాడ్చేశాడే!” అంది క్లేయో అమ్మమ్మ. “నా గడ్డం!” అని స్ట్రాటోను తన గడ్డమే పట్టుకుని ఏడ్చాడు.

“కాస్త ఆగండి” అన్నాడు బొమ్మలాయన. మళ్ళీ గాలి వదిలాడు. అప్పుడు ఉత్త మట్టి మళ్ళీ ఎర్రబడింది, బొమ్మలు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ నిలబడ్డాయి!

ఆవం చల్లారాక కుండ తీశారు. ఎవరి బొమ్మ వాళ్ళు వెతుక్కుంటున్నారు. ఫిలోను మాత్రం చుట్టూ తిరిగి తిరిగి పేరు వెతికాడు.

“ఇదేంటయ్యా, నీ పేరు బాతా?”

బొమ్మలాయన మెలిట్టా చంకలో ఉన్న బాతుని వేలితో చూపించాడు. ఆ బాతు కుండ మీద ఇంకో బాతుని చూసి, బుస్సుమని దాని మీదికి పోట్లాటకి వెళ్ళింది. మెలిట్టా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ తర్వాత కుండని ఎవరికీ ఇవ్వకుండా తనే ఎత్తుకెళ్ళింది.

ఇప్పటికి వేల ఏళ్ళయిందా? ఆ కుండ ఒక పెద్ద మ్యూజియంలో అద్దాల బీరువాలో ఉంది. కుండ అడుగు విరిగిపోయింది, దాంతో ఫిలోను పేరు కాస్తా పోయింది. చదువుకున్నవాళ్ళు వచ్చి, భూతద్దాలు పెట్టి, ఈ బొమ్మలు వేసిందెవరా అని వెతికారు. పేరు దొరకలేదు. తల గోక్కుని, గోక్కుని, చివరికి ఒక అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు:

“బాతు చిత్రకారుడు.”

ఫిలోను ఎవరో అక్కడ ఎవ్వరికీ తెలీదు!

అసలు పేరేంటి అంటావా? నాకేం తెలుసే తల్లీ, ఆ బాతునే అడుగు.

కుండ ఆవంలోకి, బాతు నీళ్ళలోకి,
కథ కంచిలోకి, నువ్వు దుప్పట్లోకి!